బేతియా వేసిన ముడి

వీపున మూట వేసుకుని ఊరూరా తిరిగి అమ్మిన పుస్తకాల్లో, అమ్మబుద్ధి కాక అడుగున దాచుకున్నది నా దగ్గర ఒకటే ఉంది. అబర్డీన్‌లో ఒక డాక్టరు గారు ఉత్తర సముద్రపు చిన్న జీవుల మీద అచ్చేసిన పుస్తకం. రాత సంగతి అడక్కండి. ఆయన వాక్యం పొద్దున్న మొదలుపెడితే దీపాలు పెట్టేవేళకి ముగుస్తుంది. కానీ ఆ బొమ్మలు! గోరంత పీత కాలి మీద నూగు కూడా కనిపిస్తుంది. చేత్తో తాకితే తడి అంటుతుందేమో అనిపించే రంగులు. పెద్దపెద్ద పట్నాల్లో అద్దాల బీరువాల వెనక చాలా బొమ్మలు చూశాను, రాజులు వేయించినవీ చూశాను. వాటిలో జంతువు ఎప్పుడూ మనల్ని మెప్పించడానికి నిలబడినట్టుంటుంది. ఈ పుస్తకంలో అలా కాదు. అది దాని పని చూసుకుంటూ ఉంటుంది.

ఆ బొమ్మలు వేసిన మనిషి పేరు పుస్తకంలో ఎక్కడా లేదు. బాంఫ్ తీరంలో పోర్ట్‌కెల్లీ అనే బెస్తపల్లెలో ఆమెని పేగుల బేతియా అనేవారు.

అది తిట్టేం కాదు, మొదట్లో. ఆ ఊళ్ళో ఎవర్ని అడిగినా ఇంటిపేరు మెయిర్. మగవాళ్ళలో సగం మంది జేమ్సులు, మిగతా సగం జార్జిలు. అందుకని ప్రతి మనిషికీ ఒక తోక తగిలించేవారు. ఒకడు గొంగళి, ఒకడు లాటిన్, ఇంకొకడు మెత్తని. బేతియా మెయిర్‌కి పేగులు తగిలాయి. పడవలు ఒడ్డుకి రాగానే ఆడవాళ్ళంతా చేపల పొట్టలు కోసి పారేస్తే, ఆమె ఆ కడుపులు ఏరుకుని కుండలో వేసుకుని ఇంటికి పోయేది. కాడ్ చేపకి తిండి దగ్గర సిగ్గూ ఎగ్గూ ఉండవు, అడుగున కదిలేదల్లా మింగుతుంది. మనిషి వల వేయలేని లోతుల్లోని పీతలు, గుల్లలు, నక్షత్రచేపలు దాని కడుపులో, అరగకముందు, చెక్కుచెదరకుండా దొరుకుతాయి. డాక్టరు గారు ఒక వేసవిలో ఆ తీరానికి గాలి మార్పుకి వచ్చి, చేపలు మోసే వీపుబుట్ట మూత మీద ఎవరో బొగ్గుతో గీసిన రొయ్యని చూసి ఆగిపోయాడట. అప్పటినుంచి ఆయన కాగితాలూ రంగులూ పంపేవాడు, ఆమె బొమ్మలు పంపేది. ఎడంచేత్తో గీసేది. ఎడంచేత్తోనే చేపలు కోసేది. బడిలో ఆ చేతి మీద చాలా దెబ్బలే పడ్డాయని నవ్వుతూ చెప్పేది.

నేను శీతాకాలం కదలలేని రోజుల్లో వాళ్ళ అటక మీద ఉండేవాణ్ణి. బేతియా మొగుడు అప్పటికే పోయాడు, రేవు ముఖద్వారంలోనే, ఒడ్డునున్నవాళ్ళు చూస్తుండగానే. మిగిలింది ఒక్క కొడుకు జీమ్స్ (వాళ్ళ నోట జేమ్స్ అలాగే పలుకుతుంది), కోడలు ఐసీ. ఐసీకి ఇరవై దాటి ఉంటాయేమో. పొరుగూరి పిల్ల. మాట నెమ్మది. కడుపుతో ఉంది.

గాలాల తాడు సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే వేలాడుతుంది. ఆ ఊళ్ళో మగవాడు చేపలు పడతాడు గాని, తాడు ఆడదానిది. పెద్ద తాడుకి వరసగా గాలాలు, ఒక్కో గాలానికీ గుర్రపు తోక వెంట్రుకలు పేనిన చిన్న తాడు. పేనేదీ ముడేసేదీ ఆడవాళ్ళే. ఒక్కో గాలానికీ ఆల్చిప్ప మాంసం గుచ్చి, చిక్కుపడకుండా బుట్టలో చుట్టేదీ వాళ్ళే. చేతులు ఉప్పుకి పగిలి నెత్తురు కారుతుండగా. పేనిక చూసి ఏ ఇంటిదో చెప్పేయొచ్చు. బేతియా పేనిక అందరిదానికీ ఎదురు తిరిగి ఉండేది, ఎడమచెయ్యి కదా. పైగా తెల్ల వెంట్రుకల్లో ఒక నల్లది కలిపేది. "నాకు మాత్రం ఒక సంతకం ఉండొద్దా?" అనేది.

ఇంకొక్క ముక్క. పడవ సముద్రం మీద ఉన్నంతసేపూ ఆ ఇంట్లోంచి ఏదీ బయటికి పోకూడదు. నిప్పు ఇవ్వరు, ఉప్పు ఇవ్వరు, పాలు ఇవ్వరు. ఇస్తే ఇంటి మగవాడి అదృష్టం దాంతో పాటు గుమ్మం దాటిపోతుంది. దీన్ని ఎవరూ వాదించి ఒప్పుకోలేదు, వాదించి కాదనలేదు కూడా. నల్లకోటాయన, అంటే పాస్టరు గారు, ఇది అన్యుల ఆచారమని గుడిలో కేకలేసేవాడు. వాళ్ళు తలలూపి వినేవారు, ఇంటికొచ్చి తలుపులు వేసుకునేవారు.

ఆ రోజు పొద్దున్న గాలి లేదు. మగవాళ్ళ బూట్లు తడిస్తే రోజంతా తడే కాబట్టి పెళ్ళాలు వాళ్ళని వీపు మీద మోసుకెళ్ళి పడవలో దించేవారు. ఐసీ మోయలేదు గనక బేతియాయే పావడా పైకి దోపుకుని నడుంలోతు నీళ్ళలోకి దిగింది.

"అమ్మా, నువ్వు మునిగేలా ఉన్నావే," అన్నాడు జీమ్స్, ఆమె మెడ పట్టుకుని.

"మాట్లాడకురా దున్నపోతా. పాలు తాగేటప్పుడే తేలిగ్గా ఉండేవాడివి."

పడవలో వాళ్ళు నవ్వారు. ఆమె వాణ్ణి అంచు మీద కూలేసి, ఒక్క చరుపు చరిచి వెనక్కి వచ్చింది.

మధ్యాహ్నానికి పడమటి గాలి లేచింది. అలాంటి గాలిని నేను దక్షిణ సముద్రాల్లో ఒకసారి చూశాను. దానికి ఊపిరి తీసుకోవడం ఉండదు. నీళ్ళ అడుగున చేపలు మేసే తూర్పు మిట్ట దగ్గరికి పోయిన పడవలు రెండు. ఒకటి మర్నాడు తెరచాప పీలికలై తిరిగొచ్చింది. అందులో డాడ్ ఉన్నాడు, బేతియా పక్కింటివాడు, బోబీ మొగుడు. రెండోది జీమ్స్ వాళ్ళ పడవ, ఎలెన్. రాలేదు.

డాడ్ రేవు గోడకి ఆనుకుని చెప్పాడు, మొహం ఎవరి వైపూ తిప్పకుండా. "మేం తాళ్ళు కోసేసి పరిగెత్తాం. వాళ్ళు మాకు తూర్పున ఉన్నారు. కోశారో, లాగుతూనే ఉన్నారో... వాన అడ్డమొచ్చింది, కనపళ్ళేదు."

ఊరంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగింది. కోశారా, లాగుతున్నారా? తాడంటే బెస్తవాడి ఆస్తంతా. కోయడానికి చెయ్యి రాదు. లాగుతూ నిలబడితే పడవ అడ్డం తిరుగుతుంది, అల నింపేస్తుంది. కోసి గాలికి వీపిస్తే మాత్రం ఆ గాలి నార్వే దాకా తోసుకుపోతుంది. అలా పోయి, శీతాకాలమంతా అక్కడ ఏ పల్లెలోనో ఉండి, వసంతంలో నార్వే టోపీలు పెట్టుకుని దిగినవాళ్ళు ఆ తీరంలో ఉన్నారు. పెళ్ళాలు దుఃఖబట్టలు కట్టాక వచ్చినవాళ్ళూ ఉన్నారు. అందుకే ఎలెన్ మీద వెళ్ళినవాళ్ళ ఆడవాళ్ళు ఎవరూ పెట్టెలోంచి నల్లశాలువా బయటికి తీయలేదు.

మనుషులు సముద్రంలో ఉండిపోయినప్పుడు ఆ ఊళ్ళో చేప కడుపు తెరవరు. పొట్ట కోసి, లోపలిది చూడకుండా అలాగే నీళ్ళలోకి విసిరేస్తారు. ఎందుకో చెప్పనక్కర్లేదు. బేతియా మాత్రం కుండ పట్టుకుని వచ్చింది. బోబీ కత్తి పట్టుకుని లేచింది.

"సిగ్గుందా నీకు? డాక్టరుకి బొమ్మలు కావాలని మన మనుషుల్ని తిన్న చేపల్ని కెలుకుతావా?"

"తిన్నాయని నీకెవరు చెప్పారే? నువ్వు చూశావా?"

"చూడకూడదనే కదే అంటున్నా!"

"అయితే పక్కకి జరుగు, నేను చూస్తా. నా కొడుకు. నీ మొగుడు వచ్చాడుగా, పొయ్యి దగ్గర కాళ్ళు కాచుకుంటున్నాడుగా."

బోబీ మొహం తెల్లబడిపోయింది. కోపమనుకున్నాం అందరం.

క్రిస్మస్ దాటాక ఒక పొరుగూరి పడవ తూర్పు మిట్ట నుంచి తెచ్చిన పెద్ద కాడ్ కడుపులో బేతియాకి గాలం దొరికింది. నేను బల్ల దగ్గరే ఉన్నాను. తుడిచి కిటికీ వెలుగులో పెట్టింది. ఎదురు తిరిగిన పేనిక. తెల్లవెంట్రుకల్లో ఒక నల్లది. ఆ చిన్న తాడు పైన పెద్దతాడు ముక్క జానెడు అంటుకునే ఉంది, దాని కొస నున్నగా ఉంది. దానంతటదే తెగిన తాడుకి పీచు లేస్తుంది. ఇది కత్తితో కోసింది.

ఆమె ఏడవలేదు. కడుపులో మిగతాదంతా ఒక్కొక్కటే తీసి వరసగా పేర్చింది. అందులో ఈకలాంటి జీవి ముక్క ఒకటి ఉంది, బురదలో నిలువుగా గుచ్చుకుని బతికేది. తూర్పు మిట్ట అవతలి లోతులో తప్ప దొరకదు.

"కోశారు," అంది. "మిట్ట అవతల కోశారు. అక్కడ రాయి లేదు, ఒడ్డు లేదు, పరిగెత్తడానికి కావలసినంత నీళ్ళున్నాయి. పుస్తకాల తాతా, నార్వే వెళ్ళావా నువ్వు?"

"వెళ్ళాను."

"తిండి పెడతారా?"

"పెడతారు. మంచివాళ్ళు."

రాజుల కథల్లో చేప కడుపులోంచి ఉంగరం వస్తుంది, పోయినవన్నీ దాంతో తిరిగొస్తాయి. నేను ఆ పుస్తకాలు అమ్మి బతికినవాణ్ణి, నాకు అనుమానం రావలసింది. రాలేదు. ఆమె చెప్పినదాంట్లో ఎక్కడ వేలు పెట్టాలో కనిపించలేదు.

ఆ గాలాన్ని ఆమె బొమ్మ వేసింది. ఆమె వేసిన బొమ్మల్లో అంత గొప్పది నేను చూడలేదు. తుప్పు, పేనికలో ప్రతి మెలిక, నల్లవెంట్రుక, కోసిన కొస, పక్కన ఆ సముద్రపు ఈక. పొయ్యి పైన గోడకి కొట్టింది. ఎలెన్ ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూసేవారు. నోటితో చెబితే అనుమానించేవాళ్ళు కూడా ఆ కాగితం చూసి నమ్మేవారు. ఒక ముసలామె రోజూ వచ్చి ఆ కోసిన కొసని దగ్గరగా చూసి వెళ్ళిపోయేది. ఐసీ ఒక్కత్తే దానివైపు వీపు పెట్టి కూర్చునేది.

మార్చిలో ఐసీకి మగపిల్లాడు పుట్టాడు. చిన్నవాడు, పిల్లిపిల్లలా ఏడ్చేవాడు, పాలు తాగేవాడు కాదు. ఆ తీరంలో జ్ఞానస్నానం కాని బిడ్డ పేరు పైకి అనరు, పేరు లేకుండా చచ్చిపోయిన బిడ్డకి ఎక్కడా చోటుండదని భయం. బిడ్డని పాస్టరు ముందు ఎత్తిపట్టుకోవలసింది తండ్రి. తండ్రి సముద్రం మీద ఉంటే వచ్చేదాకా ఆగుతారు. తండ్రి పోయినవాడైతే వేరేవాళ్ళు ఎత్తుతారు, బిడ్డకి ఆ తండ్రి పేరే పెడతారు. అంటే పేరు పెట్టడమంటే వాడు చచ్చాడని గుడిలో అందరి ముందూ చెప్పడమే.

"ఆగుదాం," అంది బేతియా. "వాడొస్తాడు. వాడే ఎత్తుతాడు."

"అత్తా, బిడ్డ ఆగేలా లేడు."

"తెలివితక్కువగా మాట్లాడకు. బతికున్న మొగుణ్ణి నీ నోటితో చంపుతావా?"

బిడ్డ నీలంగా మారుతున్నాడు. మూడో వారానికి ఏడవడం కూడా మానేశాడు. ఒకరోజు బేతియా బల్ల దగ్గర రంగులు కలుపుతుంటే, ఐసీ బిడ్డని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుంది. నేను పొయ్యి మూల ఉన్నాను. నన్ను మనిషిగా లెక్కపెట్టడం వాళ్ళు ఎప్పుడో మానేశారు.

"అత్తా. జీమ్స్ ఒక్క బుట్టే పట్టుకెళ్ళాడు."

"ఏ బుట్ట?"

"ఆ రోజు. రెండు బుట్టల తాడుకి ఎర గుచ్చామా? పడవలో చోటు లేదని ఒకటి ఇంట్లోనే వదిలేశాడు. రెండూ తీసుకెళ్ళాడని నీకు చెప్పింది అబద్ధం."

బేతియా కుంచె ఆగింది.

"నువ్వు వాణ్ణి మోసుకెళ్ళావు చూడు, అప్పుడు బోబీ పెరటి తలుపు దగ్గరికొచ్చింది. దాని చెయ్యి కాలి, తాడు సిద్ధం కాలేదట. తాడు లేకపోతే డాడ్‌ని పడవ ఎక్కనివ్వరని కాళ్ళు పట్టుకుంది. అతనిక్కూడా చెప్పనంది. నేను..." ఐసీ బిడ్డ దుప్పటి కొస వేలికి చుట్టుకుంది. "నేనిచ్చేశాను అత్తా. గుమ్మం దాటించాను. అప్పటికే వాడు నీ వీపు మీద, నీళ్ళలో ఉన్నాడు."

అంటే ఆ రెండో బుట్ట వెళ్ళింది డాడ్‌తో. కోసింది డాడ్ వాళ్ళ పడవ. కోసినట్టు వాళ్ళే చెప్పారు కూడా. గాలం బేతియాదే, ముడి బేతియాదే, కత్తి మాత్రం తిరిగొచ్చిన పడవది. ఎలెన్ సంగతి ఆ గాలానికి ఏమీ తెలియదు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే నేనే వాణ్ణి ముంచానంటారు."

"ఊరంటుంది."

"నువ్వో?"

బేతియా లేచి, గోడ మీది బొమ్మ తీసింది. ఒకసారి కిటికీ దగ్గర పట్టుకుని చూసుకుంది, పనిమంతులు తమ పనిని చూసుకునేటట్టు, తప్పెక్కడుందా అని. తప్పు లేదు. దాన్ని మడిచి పొయ్యిలో పెట్టింది. గాలాన్నీ దాని మీద పడేసింది. గుర్రపు వెంట్రుక కాలితే ఎంత కంపు కొడుతుందో నాకు ఆ రోజు తెలిసింది.

తర్వాత శాలువా కప్పుకుని ఇంటింటికీ వెళ్ళింది. నేను వెనకే నడిచాను, పడిపోతుందేమోనని. ప్రతి గుమ్మంలోనూ అదే మాట.

"నేను తప్పు చూశానమ్మా. అది నా ముడి కాదు. కళ్ళు పోయాయి నాకు. వేరే ఎవరిదో పాత గాలం."

"బొమ్మలో అంత వివరంగా ఉందిగా!"

"కావాలనుకున్నది వేశాను. ఉన్నది వెయ్యలేదు."

ఆ మాట అనడం ఆమెకి ఎంత కష్టమైందో ఆ ఊళ్ళో నాకొక్కడికే తెలుసు. ఉన్నది తప్ప వేయని చెయ్యి అది.  ఒకామె తలుపు మొహాన వేసింది. రోజూ వచ్చే ముసలామె మాత్రం, "మాతో ఆడుకున్నావే పేగులదానా, మూడు నెలలు మాతో ఆడుకున్నావు," అని ఆమె మొహాన ఉమ్మేసింది. బేతియా తుడుచుకోలేదు. చివర బోబీ గుమ్మం. ఊరందరికంటే ఎక్కువ నోరున్న బోబీ, వినగానే తలుపు చెక్క పట్టుకుని నిలబడిపోయింది.

"నీ ముడి కాదా?" అంది, వినీ వినపడకుండా.

"కాదు," అంది బేతియా, దాని కళ్ళలోకి చూస్తూ. "ఆ రోజు మా ఇంట్లోంచి ఏదీ బయటికి పోలేదు. తెలిసిందా?"

బోబీ తలూపింది. కాలిన మచ్చ ఉన్న చేతిని ఆప్రాన్ కింద దాచుకుంది.

ఆ తర్వాత సంగతులు త్వరగా చెప్పేస్తాను. పేగుల బేతియాకి కన్ను పోయిందన్న మాట పాస్టరు గారి ద్వారా అబర్డీన్ చేరింది. డాక్టరు గారు రెండో సంపుటానికి ఎడింబరోలో ఇంకెవరినో పెట్టుకున్నారు. ఆ సంపుటం కూడా అమ్మాను. అందులో పీతలు మనల్ని మెప్పించడానికి నిలబడి ఉంటాయి. బేతియా మళ్ళీ కుంచె పట్టలేదు, గాలాలు పేనలేదు, పొట్టలు కోస్తూనే ముసలిదైంది. ఐసీ సంగతి ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. ఒకసారి ధైర్యం చేసి అడిగాను, తుఫానుకి మీ పెరటి తలుపుతో ఏం పని, నువ్వు నమ్ముతావా అని. "గాలికి మా ఇంట్లో ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది తాతా, నేనేమన్నా వెర్రిదాన్నా?" అంది. కానీ ఆ రోజు నుంచి చచ్చేదాకా ఐసీ చేతి నుంచి ఆమె ఏదీ అందుకోలేదు. రొట్టె ఇస్తే బల్ల మీద పెట్టమనేది. పెట్టి ఐసీ చెయ్యి తీసేశాకే తీసుకునేది. ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర అలా బతికారు.

బిడ్డ మాత్రం ఆ ఆదివారం దాకా ప్రాణంతో ఉన్నాడు. ఎలెన్ ఆడవాళ్ళంతా గుడికి వచ్చారు, వెనక బల్లల మీద కూర్చున్నారు. బేతియా తప్పు చూశానంటే అన్నది గాని, ఎలెన్ పోయిందని మాత్రం ఇంతవరకూ ఎవరూ అనలేదు. అంతవరకూ ఒక సందు ఉంది, ఈగ దూరేంత సందు. బేతియా బిడ్డని దుప్పట్లో చుట్టుకుని ముందుకు నడిచింది.

పాస్టరు గారు కళ్ళద్దాల మీదుగా చూశాడు. "తండ్రి తరఫున ఎత్తడానికి మగవాళ్ళెవరూ లేరా?"

"ఉన్నారు," అంది. "సముద్రంలో ఉన్నారు."

ఆయన నీళ్ళలో వేళ్ళు ముంచాడు. బిడ్డ పేరు చెప్పమన్నాడు.

ఆమె ఎడమచేతి మీద బిడ్డ తల ఉంది. నోరు తెరిచి, మూసింది.  బిడ్డ పెదాలు కదిలాయి, చప్పుడు రాలేదు. పాస్టరు గారి వేళ్ళ నుంచి నీళ్ళు పుస్తకం మీద పడుతున్నాయి.

"జీమ్స్," అంది బేతియా. "వాళ్ళ నాన్న పేరు."

ఆ మాట వినగానే వెనక బల్లల మీద ఆడవాళ్ళు ఒక్కొక్కరే, పక్కవాళ్ళ వైపు చూడకుండా, ఒళ్ళో దాచి తెచ్చుకున్న నల్లశాలువాలు తలమీదికి లాక్కున్నారు. పేరు పడ్డ బిడ్డ అప్పుడు ఏడ్చాడు.